తాతగారు ఇంకా రాలేదు

జూన్ 4

మనిషి వెళ్ళిపోయిన పదమూడో రోజున, ఆ మనిషి ముచ్చటపడి తెప్పించుకున్న బల్లి వచ్చింది.

తలుపు తీసేసరికి డెలివరీ మనిషి కన్నాలు పొడిచిన అట్టపెట్టె ఒకటి నా చేతిలో పెట్టి, "జాగ్రత్తగా పట్టుకోండమ్మా, లోపల ప్రాణం ఉంది" అన్నాడు. పెట్టె పట్టుకుని నిలబడమని ఒక ఫోటో తీసుకున్నాడు. ఆఫీసుకి చూపించాలట. దాని వెనకాలే పెద్ద గాజు తొట్టి, రెండు దీపాలు, ఒక థర్మామీటరు, బతికున్న కీచురాళ్ళు నిండిన ఇంకో పెట్టె. పురుగుల్ని కూడా గుమ్మంలోకి తెచ్చిపెడతారని నాకు ఇవాళే తెలిసింది.

మూత తీసి చూశాను. తోకతో కలిపి నా జానెడు ఉంటుందేమో. గడ్డం డ్రాగన్ అంటారు దీన్ని. డ్రాగన్ అన్నారు కదాని కాస్త దూరంగా నిలబడే చూశాను. నిప్పులేమీ కక్కలేదు. ఇసుక రంగు ఒళ్ళు, దవడల కింద బుల్లి బుల్లి ముళ్ళ గడ్డం. నన్ను ఎగాదిగా చూసి, చూడదగ్గదేమీ లేనట్టు కళ్ళు మూసుకుంది.

సాయంత్రం మా ఆయన దగ్గర్నుంచి మెసేజీ. ఇల్లు వదిలాక ఇదే మొదటిది. "డ్రాగన్ వచ్చిందా?"

"రాలేదు" అని కొట్టాను.

వచ్చిందంటే రేపే వచ్చి పట్టుకుపోతాడు. ఇల్లొదిలి వాళ్ళక్క ఇంట్లో మకాం పెట్టిన మహానుభావుడికి బల్లి కూడానా? నేను దీన్ని ఉంచుకుంటున్నది పగతోనే. అంతకు మించి ఏమీ లేదు.

జూన్ 5

పేరు లేకుండా పిలవడం కుదరడం లేదు. వచ్చిన కాగితంలో వయసు రెండు నెలలని ఉంది. మొహం చూస్తే ఎనభై. తాతగారు అని ఖాయం చేశాను. ఇక అంతా మర్యాదే. తాతగారు లేచారు. తాతగారు నాలుగు పురుగులు ఆరగించారు. తాతగారు ఆరగించిన చోటే రెండో పని కూడా కానిచ్చారు.

"వచ్చిందా?"

"రాలేదు."

జూన్ 6

ఎడారి జీవి కదా, పుట్టింటి బెంగ లేకుండా ఉంటుందని తొట్టిలో ఇసుక పోశాను. సాయంత్రం మెసేజీ వచ్చింది. "వచ్చిందా? వస్తే ఇసుక మాత్రం వెయ్యకు. పిల్లలు పురుగుతో పాటు ఇసుక కూడా మింగేస్తాయట. పేగులు మూసుకుపోతాయి. కాగితం పరిస్తే చాలు."

"రాలేదు" అని కొట్టి, ఇసుకంతా ఎత్తిపోసి, పాత పేపర్లు పరిచాను. రాని బల్లికి సలహాలిస్తున్నాడు, పాపం. నాకు పనికొచ్చింది కాబట్టి ఊరుకున్నాను.

జూన్ 7

ఇంతకీ నేనేమన్నానని? ఒక జోకు వేశాను. జోకు వేసిందని పెళ్ళాన్ని వదిలి వెళ్ళే మగాడు ఎక్కడైనా ఉంటాడా?

జూన్ 9

ఇవాళ్టి సలహా: పురుగు సైజు బల్లి రెండు కళ్ళ మధ్య ఎడం కన్నా పెద్దది కాకూడదు.

కళ్ళ మధ్య ఎడం కొలవడం నా ఉద్యోగం. పంతొమ్మిదేళ్ళుగా కళ్ళజోళ్ళ షాపు వెనక గదిలో అద్దాలు కోసి, అంచులు సానపట్టి, ఫ్రేముల్లో కూర్చోబెడుతున్నది నేనే. షాపు స్కేలు ఇంటికి తెచ్చి తాతగారి ముక్కు మీద ఆనించాను. కదలకుండా కూర్చున్నారు. మా కస్టమర్లలో సగం మంది అంత బుద్ధిగా కూర్చోరు. ఎనిమిది మిల్లీమీటర్లు. షాపు పద్ధతిలోనే ఒక కార్డు రాసి తొట్టికి అంటించాను. పేరు తాతగారు, వయసు రెండు నెలలు, ఎడం ఎనిమిది.

తర్వాత కీచురాళ్ళని ఒక్కొక్కటే స్కేలు పక్కన నడిపించాను. కొలత దాటినవాటిని వెనక్కి పంపాను. అరగంట పట్టింది. ఇది చూసినవాళ్ళు నాకు మతి పోయిందనుకుంటారు. చూడ్డానికి ఇంట్లో ఎవరున్నారు గనక.

జూన్ 12

తాతగారికి రెండు దీపాలు. ఒకటి వేడికి. దాని కింద రాయి మీద పొట్ట ఆనించి, నోరు సగం తెరిచి పడుకుంటారు. రెండోది పొడుగాటి ట్యూబు. ఇన్నాళ్ళూ దాని సంగతి పట్టించుకోలేదు. ఇవాళ అట్ట చూస్తే దాని మీద "యూవీ" అని ఉంది.

మా షాపాయన రోజుకి ఇరవై సార్లు కౌంటర్లో చెప్పే మాట అది. ఎండలో ఉండే ఆ కిరణం కంట్లో పడితే శుక్లాలు వస్తాయి, చూపు పోతుంది, అందుకే మా అద్దాలు తీసుకోండి అని. ఆ కిరణం ఇక్కడ తాతగారి నెత్తిన రోజుకి పన్నెండు గంటలు కురుస్తోంది. రెప్పకి ఒక్క వెంట్రుక కూడా లేని జీవి. ఆ ట్యూబు చేసినవాళ్ళకి బొత్తిగా బుద్ధి ఉన్నట్టు లేదు.

ఫ్యాక్టరీ పనివాళ్ళ కళ్ళద్దాల కోసం షాపులో తెప్పించిన రంగులేని ప్లాస్టిక్కు షీటు ముక్క ఒకటి మిగిలి ఉంది. అందులోంచి ఒక్క యూవీ కిరణం కూడా దూరదు. ట్యూబు పొడుగుకి కోసి, నాలుగు అంచులూ సానపట్టి, మెరుగు పెట్టి, ట్యూబు కింద గాడిలోకి తోశాను. ఉందో లేదో నాకే తెలియలేదు. వెలుగు ఏమాత్రం తగ్గలేదు. నా పనంటే అదీ. కనిపించకూడదు.

ఆయన ఏడాది పాటు వీటి గురించి చదివాడు కదా, ఈ ఆలోచన మాత్రం తట్టి ఉండదు.

జూన్ 15

"వచ్చిందా?"

"రాలేదు."

జూన్ 20

తాతగారికి నేనంటే ఇష్టం. ఇది నా ఊహ కాదు. పొద్దున్నే నేను తొట్టి దగ్గరికి వెళ్ళగానే కుడి చెయ్యి పైకెత్తి, మెల్లగా గుండ్రంగా తిప్పి, కింద పెడతారు. టాటా చెప్పడం అది. నేనూ చెయ్యి తిప్పుతాను. షాపుకి వెళ్ళేటప్పుడు ఇంకోసారి.

పదకొండేళ్ళలో ఆయన నాకు ఒక్కసారైనా టాటా చెప్పాడా? ఒక బ్యాగు తీసుకుని, చెప్పులేసుకుని, మెట్లు దిగిపోయాడు. లిఫ్టులు బాగుచేసే మనిషి మెట్లు దిగి వెళ్ళాడు. నవ్వొచ్చింది. నవ్వడానికి పక్కన ఎవరూ లేరు.

జూన్ 28

పొద్దున పురుగుల పెట్టె మూత సరిగ్గా పడలేదు. ముప్ఫై దాకా బయటికి పోయాయి. ఎక్కడెక్కడ దూరాయో తెలియదు గాని, ఫ్రిజ్ వెనకాల, బీరువా కింద, మంచం కింద ఒకటే కచేరీ. సరిగ్గా అప్పుడే వదిన వచ్చింది. వదినంటే ఆయన అక్కే. కబురు పెట్టకుండా వచ్చిందంటే తనిఖీకే. తొట్టి మీద దుప్పటి కప్పి, దాని మీద ఉతికిన బట్టలు పోసి, తలుపు తీశాను.

"ఏమిటా శబ్దం?" అంది కూర్చోకుండానే.

"ఫ్యాను వదినా. నూనె అయిపోయింది."

"ఫ్యాను తిరగడం లేదుగా."

"నూనె లేకపోతే ఎలా తిరుగుతుంది?"

టీ ఇచ్చాను. ఒక కీచురాయి వదిన కుర్చీ చేతి మీదికి ఎక్కి, మీసాలు ఆడించి, దిగిపోయింది. వదిన చూడలేదు. నేను కప్పు గట్టిగా పట్టుకున్నాను.

"వాడు బాగానే ఉన్నాడు. తింటున్నాడు, పనికి వెళ్తున్నాడు. మాట్లాడ్డం లేదంతే" అంది.

"ఎప్పుడు మాట్లాడారు గనక."

వదిన నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. కప్పు కింద పెట్టేసింది. "ఇదిగో, ఇదేనమ్మా నేననేది" అని లేచి వెళ్ళిపోయింది.

సాయంత్రం మెసేజీ: "ఫ్యానుకి నూనె వెయ్యమంటావా?"

"అక్కర్లేదు."

"వచ్చిందా?"

"రాలేదు."

జూలై 6

తాతగారి చర్మం ఊడుతోంది. పాత సున్నం పెచ్చులూడినట్టు వీపంతా తెల్లగా లేచింది. ఒక పెచ్చు పట్టుకుని లాగబోతున్నాను, ఫోను మోగింది. "వస్తే గుర్తుంచుకో. చర్మం ఊడేటప్పుడు లాగకూడదు. గోరువెచ్చని నీళ్ళలో కాసేపు కూర్చోబెడితే అదే ఊడుతుంది."

ఈయనకి దివ్యదృష్టి ఏమైనా వచ్చిందా అనుకున్నాను. నీళ్ళ గిన్నెలో కూర్చోబెడితే తాతగారు మెడ పైకెత్తి, ఒడ్డున ఉన్నవాళ్ళంతా పనికిమాలినవాళ్ళన్నట్టు చూశారు.

జూలై 11

ఆ జోకు సంగతి రాసేస్తాను. రాస్తే పోతుంది.

వదినావాళ్ళింట్లో భోజనాల దగ్గర ఎనిమిది మందిమి ఉన్నాం. ఆయన ఫోను తీసి ఈ బల్లుల ఫోటోలు అందరికీ చూపించాడు. ఎంత వేడి ఉండాలి, ఏం తింటాయి, ఎలా నిద్రపోతాయి, అన్నీ చెప్పాడు. నలుగురిలో అంతసేపు మాట్లాడగా నేనెప్పుడూ చూడలేదు. అందరూ వింటున్నారు కూడా. ఎవరో "మరి రోజూ దాన్ని ఎవరు చూసుకుంటారు?" అని అడిగారు. "నేనే" అన్నాడు.

నా నాలుక ఆగలేదు. "పదకొండేళ్ళుగా ఇంట్లో ఉన్న ఒక్క ప్రాణిని పట్టించుకోలేదు, ఇప్పుడు బల్లిని పెంచుతారట" అన్నాను.

ఇల్లు ఎగిరిపోయేలా నవ్వారు. వదిన భర్తకి, అంటే మా అన్నయ్యగారికి పొలమారింది. ఆయన కూడా నవ్వాడు. నవ్వి, ఫోను జేబులో పెట్టేసుకున్నాడు. మూడో రోజున బ్యాగు సర్దుకుంటూ ఒకే మాట అన్నాడు. "నేనేం చెప్పినా నువ్వు నవ్వులాట చేస్తావు. నాకు నవ్వే ఓపిక అయిపోయింది."

జోకు బాగుంది. ఆ మాట ఇప్పటికీ అంటాను. నిజం కాదు, అంతే. పోయినేడు సాన చక్రం తగిలి నా చేతికి కుట్లు పడితే నెల రోజులు నాకు జడ వేసిందెవరు? వంకరగా వేశాడు, అది వేరే సంగతి.

రాశాను గాని పోలేదు.

జూలై 19

తాతగారు రెండే పురుగులు తిన్నారు. ఉక్కపోత వల్ల.

జూలై 21

ఒకటి. నా మీద అలిగి ఉంటారు.

జూలై 23

పొద్దున టాటా చెప్పబోయి చెయ్యి సగంలోనే దించేశారు. ఎడమ వెనక కాలు సన్నగా వణుకుతోంది. నా వేలు ఆనిస్తే ఆ వణుకు వేలికి తెలుస్తోంది. రాయి ఎక్కబోయి పక్కకి ఒరిగిపోయారు. షాపుకి సెలవు పెట్టాను. కారణం అడిగితే ఇంట్లో పెద్దాయనకి బాగాలేదన్నాను. అబద్ధమేమీ కాదు.

"వచ్చిందా?"

వచ్చింది అని కొట్టి, చెరిపేశాను.

"రాలేదు."

జూలై 24

పొద్దున ఆరింటికి ఫోను చేశాను. ఒక్క రింగుకే ఎత్తాడు.

"తాతగారి కాలు వణుకుతోంది" అన్నాను. ముందు వెనక ఏమీ చెప్పకుండా ఆ మాటే వచ్చింది.

ఏ తాతగారని అడగలేదు. "ఏ కాలు?" అన్నాడు.

"ఎడమది. వెనకది. నాలుగు రోజులుగా సరిగ్గా తినడం లేదు." చెప్తూ చెప్తూ ఆగిపోయాను. "మీకు తెలుసా?"

"జూన్ నాలుగునే తెలుసు. షాపువాళ్ళు ఫోటో పంపారు. పెట్టె పట్టుకుని నువ్వు. కళ్ళు ఇంతింత చేసుకుని ఉన్నావు."

"మరి రోజూ వచ్చిందా వచ్చిందా అని ఎందుకు అడిగారు?"

"అడిగితే జవాబు ఇస్తున్నావు కదా" అన్నాడు.

యాభై రోజులు, యాభై సార్లు "రాలేదు" అన్నాను. ఇసుక, పురుగులు, చర్మం, అన్నీ తెలిసే చెప్పాడన్నమాట. దూరం నుంచి తాతగారిని పెంచుతున్నాడు, నన్ను కూడా మాట్లాడిస్తున్నాడు. ఈ సందర్భానికి తగ్గ జోకులు మూడు గొంతు దాకా వచ్చాయి. ఒక్కటీ బయటికి రాలేదు.

"రేపు పొద్దున డాక్టరు దగ్గర కలుద్దాం. వెచ్చగా చుట్టి తీసుకురా" అన్నాడు.

జూలై 25

పక్షుల్నీ పాముల్నీ చూసే డాక్టరమ్మ ఆమె. నేను వెళ్ళేసరికి ఆయన బయటే నిలబడి ఉన్నాడు. చొక్కాకి ఇస్త్రీ లేదు. నన్ను చూడకుండా పెట్టెలోకి చూశాడు. మొదటిసారి చూడ్డం కదా. "చిన్నగా ఉన్నాడే" అన్నాడు, అంతే.

డాక్టరమ్మ తాతగారి కాళ్ళు, దవడ మెల్లగా నొక్కి చూసింది. "ఎముకలు మెత్తబడుతున్నాయి. కాల్షియం పెడుతున్నారా?"

"రోజూ పురుగులకి పొడి అద్దే పెడుతున్నాను" అన్నాను.

"యూవీ దీపం ఉందా?"

"ఉంది. కొత్తది" అని ఆయన చెప్పాడు. ఏ రకమో, ఎన్ని వాట్లో కూడా చెప్పాడు.

"అయితే ఆ ట్యూబే పాడై ఉంటుంది. ఆ కిరణాలు ఒంటి మీద పడితేనే తిన్న కాల్షియం ఎముకకి పడుతుంది. లేకపోతే ఎంత పెట్టినా దండగే. కొన్ని ట్యూబులు చూడ్డానికి వెలుగుతాయి గాని అందులో సత్తా ఉండదు."

ఆ ట్యూబులో సత్తాకి లోటు లేదు. ఆ సత్తా అంతా నా షీటు దగ్గరే ఆగిపోతోంది. ఒక్క కిరణం కూడా దూరదని నేనే గొప్పగా సానపట్టి మరీ పెట్టాను. రోజుకి ఇరవై సార్లు విన్న మాట, పంతొమ్మిదేళ్ళ అనుభవం, అన్నీ కలిసి ఆ పసివాడి కాళ్ళు విరిచాయి.

చెప్పాలని నోరు తెరిచాను. ఈలోగా ఆయన, "తప్పు నాదే డాక్టరుగారూ. ఆ ట్యూబు నేనే ఏరికోరి తెప్పించాను" అన్నాడు.

నోరు మూసుకున్నాను.

ఇంటికి రాగానే గాడిలోంచి షీటు లాగి, పేపర్లో చుట్టి, బీరువా వెనక పెట్టాను. ఎవరికీ తెలియదు. ఉన్నప్పుడే ఎవరికీ కనిపించలేదు, తీసేశాక ఎవరు కనిపెడతారు?

జూలై 26

కొత్త ట్యూబు, చుక్కల మందు, కొలత ప్రకారం ఏరిన పురుగులు తెచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. లోపలికి రాలేదు. నేనూ రమ్మనలేదు.

"ఆ దిక్కుమాలిన ట్యూబు కొనకుండా ఉండాల్సింది" అన్నాడు.

"పోనీలెండి" అన్నాను.

ఆయన్ని క్షమించాను. ఎంత గొప్పదాన్ని నేను.

జూలై 29

రోజూ పొద్దున పనికి వెళ్తూ వస్తున్నాడు, గుమ్మం దాకా. ఇవాళ ఊరికే మాటల్లో, తాతగారు పొద్దున్నే నాకు టాటా చెప్పేవారని చెప్పాను, చెయ్యి తిప్పి చూపించాను కూడా.

"అది టాటా కాదు" అన్నాడు మామూలుగా. "తనకన్నా పెద్ద జంతువు ఎదురైతే అలా చేస్తాయి. నేను చిన్నవాణ్ణి, నన్నేమీ చెయ్యకు అని."

ఆయన వెళ్ళాక తొట్టి ముందు కూర్చున్నాను. నెల రోజులు తాతగారు నన్ను బతిమాలుకుంటుంటే నేను మురిసిపోయి చెయ్యి ఊపాను. ఈ ఇంట్లో నన్నేమీ చెయ్యకు అని నన్ను బతిమాలుకున్నవాళ్ళు ఇద్దరు, ఒకరు చెయ్యెత్తి, ఒకరు నవ్వేసి. ఇద్దరి సంగతీ నాకు అర్థం కాలేదు.

ఆగస్టు 1

తాతగారు ఒక పురుగు తిన్నారు. నాలుక చాపి, గురి తప్పి, మళ్ళీ చాపి పట్టుకున్నారు. వెంటనే ఆయనకి చెప్పాను. "మంచిది" అని వచ్చింది. అంతే.

ఆగస్టు 3

గుమ్మంలో నిలబడి అన్నాడు. "నువ్వు ఆ రోజు అన్నది నిజమే. నాకు చూసుకోవడం చేతకాదు. ఏడాది చదివి కూడా సరైన దీపం కొనలేకపోయాను. కాస్త కోలుకున్నాక డాక్టరమ్మనే అడుగుదాం, బాగా పెంచేవాళ్ళు ఎవరైనా ఉంటే ఇచ్చేద్దాం."

"సరే" అన్నాను.

సరే అన్నాను. ఇది చదువుతున్నది నేనొక్కదాన్నే కాబట్టి రాస్తున్నాను. ఇంత పిరికిదాన్నని నాకు ఇవాళే తెలిసింది. ఎనిమిది మంది ముందు మొగుణ్ణి నవ్వులపాలు చెయ్యడానికి ధైర్యం అక్కర్లేదు. ఒక్క మనిషి ముందు ప్లాస్టిక్కు ముక్క బయటపెట్టడానికి కావలసి వచ్చింది.

ఆగస్టు 4

షీటు చంకన పెట్టుకుని వదినావాళ్ళింటికి వెళ్ళాను. ఆదివారం కదా, అందరూ భోజనాలకి కూర్చున్నారు. వదిన, అన్నయ్యగారు, ఆ జోకు రోజున కూడా ఉన్న పక్కింటి దంపతులు, ఈయన. కంచం పెట్టబోయింది వదిన. వద్దన్నాను. నిలబడే చెప్పాను.

"ట్యూబు మంచిదే. ఏ లోపం లేదు. కళ్ళు పాడవుతాయని దాని కింద నేనే ఈ షీటు పెట్టాను. యూవీ ఆపే షీటు. మందులాంటి వెలుగుని నెలన్నర పాటు నేనే ఆపేశాను. డాక్టరు దగ్గరే నాకు తెలిసిపోయింది. చెప్పకుండా దాచాను."

పేపరు విప్పి బల్ల మీద పెట్టాను. అన్నయ్యగారు దాన్ని చూశారు, నన్ను చూశారు. "ఆ బల్లికి దగ్గర చూపుకి కూడా ఏమైనా ఇచ్చావా అమ్మా?" అన్నారు.

ఇల్లు ఎగిరిపోయింది. వదిన కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. పక్కింటావిడ నీళ్ళ గ్లాసు కింద పెట్టేసింది. నేనూ నవ్వాను. నవ్వకపోతే బాగుండదు కదా. దవడలు నొప్పి పుట్టాయి. నవ్వులపాలై ఈ పక్కన నిలబడి నవ్వడం ఎలా ఉంటుందో నాకు ఇన్నేళ్ళలో తెలియనే తెలియదు.

ఆయన ఒక్కడూ నవ్వలేదు. చెయ్యి కడుక్కుని వచ్చి షీటు తీసుకున్నాడు. వెలుతురుకి ఎత్తి చూశాడు. అంచు మీద బొటనవేలు పెట్టి ఈ చివరి నుంచి ఆ చివరికి నిమిరాడు.

"ఎంత నున్నగా తీశావు" అన్నాడు.

అప్పుడు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే చెప్పాను. "ఆ రోజు ఇక్కడ నేనన్నది అబద్ధం. ఈయన నన్ను పట్టించుకోలేదన్నది. నా చేతికి కుట్లు పడితే నెల రోజులు జడ వేశారు. నవ్విద్దామని అన్నాను. అందరి ముందూ అన్నాను కాబట్టి అందరి ముందూ చెప్తున్నాను."

అన్నయ్యగారు పెరుగు గిన్నె అనవసరంగా పక్కకి జరిపారు. ఈయన చెప్పులు వేసుకుంటూ, "మందు వేళైంది, పద" అన్నాడు.

ఆగస్టు 5

నాలుగు పురుగులు.

ఆగస్టు 9

పొద్దున, సాయంత్రం రెండు పూటలా వస్తున్నాడు. లోపలికే వస్తున్నాడు. తాతగారిని అరచేతిలో పెట్టుకుని చుక్కల మందు వేస్తాడు. నేను వేస్తే మందు గడ్డానికే ఎక్కువ పడుతుంది. ఎవరికో ఇచ్చేద్దామన్న మాట మళ్ళీ ఎత్తలేదు. ఫ్రిజ్ వెనక ఇంకా ఒక కీచురాయి మిగిలి ఉంది, దాని కోసం ఫ్రిజ్ జరిపి అరగంట వెతికాం. దొరకలేదు.

చీకటి పడేసరికి వాళ్ళక్క ఇంటికి వెళ్ళిపోతాడు. బ్యాగు అక్కడే ఉంది. నేను అడగలేదు. అడిగితే ఏదో ఒక వంకర మాట నోటంట వస్తుందని భయం. రోజుకి ఎన్ని మాటలు మింగుతున్నానో నాకే తెలుసు. కడుపు నిండిపోతోంది.

ఆగస్టు 14

తాతగారు రాయి ఎక్కారు. రెండుసార్లు జారి, మూడోసారి ఎక్కి, నోరు సగం తెరిచి పడుకున్నారు. ఇద్దరం తొట్టికి చెరోపక్క కూర్చుని పావుగంట చూశాం. షాపుకి ఆలస్యంగా వెళ్ళాను. ఆయన బాగుచెయ్యాల్సిన లిఫ్టు ఏ అంతస్తులో ఆగిపోయి ఉందో పాపం.

ఆగస్టు 21

డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. కాళ్ళు నొక్కి చూసి, దవడ నొక్కి చూసి, తూకం వేసింది. ఎముకలు గట్టిపడుతున్నాయట. ఎడమ కాలు మాత్రం కొంచెం వంకరగానే ఉండిపోవచ్చునంది. దాంతో పరుగెత్తడానికి ఇబ్బందేమీ ఉండదట. ఆ వంకర నేను పెట్టిందే. ఎప్పుడూ కళ్ళ ముందే ఉంటుంది, ఉండనీ.

"ఇంత త్వరగా తేరుకుంటాడనుకోలేదు. ట్యూబు ఒక్కటే మార్చారా, ఇంకేమైనా చేశారా?" అని అడిగింది డాక్టరమ్మ.

ఈసారి నోరు మూసుకోదలచుకోలేదు. చెప్పబోతున్నాను. ఈలోగా ఆయన అందుకున్నాడు.

"మా ఇంట్లో ఎండకి కూడా కళ్ళద్దాలు పెడతారు డాక్టరుగారూ. అవి తీయించాం" అన్నాడు, మొహంలో ఏ మార్పూ లేకుండా.

డాక్టరమ్మకి మొదట అర్థం కాలేదు. విషయం చెప్పాక బల్ల పట్టుకుని నవ్వింది. పదకొండేళ్ళలో ఆయన నా మీద వేసిన మొదటి జోకు అది. అంత గొప్పదేమీ కాదు. నేనైతే ఇంకాస్త సాగదీసి, చివర్లో బిగించేదాన్ని. కానీ "మా ఇంట్లో" అన్నాడు. వాళ్ళక్క ఇంట్లో బ్యాగు పెట్టుకుని, ఎవరూ అడక్కుండానే, పరాయి మనిషి ముందు "మా ఇంట్లో" అన్నాడు. నేను తాతగారి పెట్టె మూత సరిచేస్తున్నట్టు తల వంచుకున్నాను.

బయటికి వచ్చాక వాళ్ళక్క ఇంటి వైపు వెళ్ళే బస్సు వచ్చింది. ఆయన దాన్ని చూశాడు, ఎక్కలేదు. పెట్టె నా చేతిలోంచి తీసుకుని, ఎండ తగలకుండా ఒళ్ళో పెట్టుకుని, నా పక్కన బెంచీ మీద కూర్చున్నాడు. మా బస్సు రావడానికి ఇరవై నిమిషాలు పట్టింది. ఆ ఇరవై నిమిషాల్లో నేను ఒక్క జోకు కూడా వెయ్యలేదు.